లైబ్రరీకి లైసెన్స్ ఎంచుకోవడం: వాడేవాళ్ల ప్రోగ్రామ్ వైపు నుంచి చూస్తే

2021 మార్చిలో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్ మీద నడిచే ప్రాజెక్టులు ఎన్నో ఉన్నట్టుండి బిల్డ్ కావడం మానేశాయి. కారణం మైమ్‌మ్యాజిక్ అనే చిన్న లైబ్రరీ, అంటే ఇతరుల ప్రోగ్రామ్‌లు కలుపుకుని వాడే కోడ్. ఫైల్ లోపలి బైట్లు చూసి అది ఫొటోనా, పీడీఎఫ్‌నా అని చెప్పడమే దాని పని. దాని మీద, దాదాపు ఏ షరతూ పెట్టని ఎంఐటీ లైసెన్స్ అని రాసి ఉండేది. కానీ ఆ పని చేయడానికి అది తనతో తెచ్చుకున్న డేటా ఫైల్ మాత్రం జీపీఎల్ కింద ఉన్న వేరే ప్రాజెక్టుది. తనను కలుపుకుని పంచే ప్రోగ్రామ్ సోర్స్ (మనుషులు రాసిన అసలు కోడ్) కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలని పట్టుబట్టే లైసెన్స్ జీపీఎల్. ఆ ప్రాజెక్టు వైపు నుంచి ఎవరో ఈ సంగతి ఎత్తి చూపారు. దాంతో మైమ్‌మ్యాజిక్‌ను జీపీఎల్‌కి మార్చేశారు, పాత వెర్షన్లను వెనక్కి తీసుకున్నారు. రైల్స్‌దేమో ఎంఐటీ లైసెన్స్. దాని మీద కట్టిన వ్యాపార అప్లికేషన్లు చాలావాటికి జీపీఎల్ పడదు. రైల్స్ బృందం హడావిడిగా ఆ డిపెండెన్సీని పీకేసి కొత్త వెర్షన్లు విడుదల చేయాల్సి వచ్చింది. ఆ రోజు టెన్షన్ పడ్డవాళ్లలో చాలామంది ఆ లైబ్రరీ పేరు అంతకుముందు విని కూడా ఉండరు.

అప్లికేషన్‌కి లైసెన్స్ పెడితే దాని ప్రభావం ఎక్కువగా ఆ అప్లికేషన్ మీదే ఉంటుంది. లైబ్రరీ సంగతి వేరు. అది ఒంటరిగా నడవదు, ఇంకొకరి ప్రోగ్రామ్‌లో కలుస్తుంది. ఆ ప్రోగ్రామ్ మళ్లీ ఇంకొక దానిలో భాగమవుతుంది. ప్రతి మెట్టు దగ్గరా పై మెట్టు లైసెన్స్‌తో కింది మెట్టు లైసెన్స్ సరిపోవాలి. లైసెన్స్ ఎంపిక మీద వచ్చే సలహాలు మాత్రం మామూలుగా రచయిత ఇష్టాన్నే అడుగుతాయి: సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ ముఖ్యమా, ఎక్కువమంది వాడటం ముఖ్యమా అని. లైబ్రరీ విషయంలో అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఇది నచ్చకపోతే వాడేవాళ్లకి ఇంకేం దొరుకుతుంది? ఇందులోని కోడ్ వాళ్ల ప్రోగ్రామ్‌లోకి ఏ రూపంలో చేరుతుంది? ఈ రెంటికీ జవాబు దొరికితే లైసెన్స్ పేరు దాదాపు దానంతట అదే తేలుతుంది.

అసలు లైసెన్స్ పెట్టకుండా వదిలేస్తే ఏమవుతుంది? ఎవరైనా వాడుకోవచ్చు అని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాస్తవం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. బెర్న్ ఒప్పందం అనే అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కోడ్ రాసిన క్షణంలోనే కాపీరైట్ పుడుతుంది, రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు. లైసెన్స్ లేని కోడ్ అంటే అన్ని హక్కులూ రాసినవాళ్ల దగ్గరే ఉన్న కోడ్. గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెడితే ఆ సైట్ నిబంధనల ప్రకారం ఇతరులు చూడొచ్చు, అక్కడే ఫోర్క్ చేయొచ్చు, అంటే తమ కాపీ తీసుకోవచ్చు. అంతకుమించి తమ ప్రోడక్ట్‌లో కలిపి పంచే హక్కు దానివల్ల రాదు. జాగ్రత్తపడే కంపెనీ అలాంటి లైబ్రరీ జోలికే పోదు.

పేటెంట్ల సంగతి

సులువైన లైసెన్సుల్లో ఎంఐటీ, రెండు క్లాజుల బీఎస్‌డీ, ఐఎస్‌సీ దాదాపు ఒకటే మాట చెబుతాయి: ఏమైనా చేసుకోండి, కాపీరైట్ నోటీసు ఉంచండి, ఏదైనా తేడా వస్తే మా బాధ్యత లేదు. మూడు క్లాజుల బీఎస్‌డీ అదనంగా, రచయితల పేర్లు వాడుకుని ప్రచారం చేయొద్దంటుంది. వీటి మధ్య ఏది అని గంటలు గంటలు వాదించుకోవడం వృథా. వీటికీ అపాచీ 2.0కీ మధ్య ఉన్న తేడా మాత్రం నిజమైనది.

2004 జనవరిలో వచ్చిన అపాచీ 2.0, పేటెంట్ల గురించి నేరుగా మాట్లాడుతుంది. కోడ్ ఇచ్చిన ప్రతి ఒక్కరూ, తాము ఇచ్చిన భాగం వాడటానికి తప్పనిసరయ్యే తమ పేటెంట్లకు కూడా అనుమతి ఇచ్చినట్టే. ఈ సాఫ్ట్‌వేర్ తమ పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందని ఎవరైనా కోర్టుకెక్కితే, దాని కింద వాళ్లకి వచ్చిన పేటెంట్ అనుమతి రద్దవుతుంది. ఎంఐటీ పాఠంలో పేటెంట్ అన్న మాటే లేదు. అమ్ముకోవచ్చు, వాడుకోవచ్చు అని రాసి ఉన్నాక అందులో పేటెంట్ అనుమతి కూడా ఇమిడి ఉన్నట్టే అని కొందరు న్యాయవాదులు అంటారు. కావచ్చు. కానీ రాసి ఉన్నదానికీ, ఇమిడి ఉందని వాదించి గెలవాల్సినదానికీ తేడా ఉంది.

ఈ విషయంలో, వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీ కథ కొంచెం వింతగా ఉంటుంది. ఫేస్‌బుక్ ఆ లైబ్రరీని బీఎస్‌డీ లైసెన్స్‌తో పాటు ఒక ప్రత్యేక పేటెంట్ ఫైల్ పెట్టి ఇచ్చేది. ఫేస్‌బుక్ మీద ఎవరైనా పేటెంట్ దావా వేస్తే, ఆ దావాకి రియాక్ట్‌తో సంబంధం లేకపోయినా, వాళ్లకిచ్చిన పేటెంట్ అనుమతి పోతుందన్నది అందులోని షరతు. 2017 జులైలో, అపాచీ లైసెన్స్ రాసిన అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో దీన్ని వాడొద్దంది. సెప్టెంబర్‌లో వర్డ్‌ప్రెస్ కూడా రియాక్ట్ నుంచి తప్పుకుంటామని ప్రకటించింది. అదే నెలలో ఫేస్‌బుక్ దిగివచ్చి రియాక్ట్‌ను ఎంఐటీకి మార్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చిత్రం ఏమిటంటే, షరతులతోనైనా పేటెంట్ అనుమతి ఇస్తానని రాసిన కాగితం పోయి, పేటెంట్ ఊసే లేని కాగితం వచ్చింది. లైబ్రరీని వాడేవాళ్లు చట్టపరంగా ఎక్కువ ఇచ్చేదానికంటే తమకి తెలిసినదాన్నే నమ్ముతారు. సొంతంగా క్లాజులు చేర్చాలని ఉబలాటపడేవాళ్లు గుర్తుంచుకోదగిన విషయం ఇది.

అపాచీకి ఒక చిక్కుంది. జీపీఎల్ వెనక ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లెక్క ప్రకారం అది జీపీఎల్ వెర్షన్ 3తో కలుస్తుంది, వెర్షన్ 2తో కలవదు. వెర్షన్ 2 మాత్రమే అని పట్టుబట్టే ప్రోగ్రామ్‌లో అపాచీ లైబ్రరీని కలపలేరు. రస్ట్ భాష చుట్టూ పెరిగిన అలవాటు ఈ ముడిని తేలిగ్గా విప్పింది. అక్కడ ఎక్కువ లైబ్రరీలు ఎంఐటీ లేదా అపాచీ 2.0 అంటాయి, ఏది కావాలో వాడేవాళ్లే తీసుకుంటారు. పేటెంట్ భరోసా కావాలనుకునేవాళ్లకి అపాచీ ఉంది, జీపీఎల్ 2 వాళ్లకి ఎంఐటీ ఉంది. లైబ్రరీ రాసేవాళ్లకి పోయేదేమీ లేదు. కంప్రెషన్, వీడియో కోడెక్, క్రిప్టోగ్రఫీ లాంటి పేటెంట్లు దట్టంగా ఉన్న రంగాల్లో ఒట్టి ఎంఐటీ కంటే ఇది మెరుగు. తేదీలను ఫార్మాట్ చేసే 200 లైన్ల లైబ్రరీకి ఇంత ఆలోచన అక్కర్లేదు, ఎంఐటీ చాలు.

బైనరీలోకి చేరిన కోడ్

ఎంఐటీ అంటే షరతులే లేవని చాలామంది అనుకుంటారు. ఒకటుంది: సాఫ్ట్‌వేర్ కాపీలన్నింటిలోనూ, అందులో చెప్పుకోదగ్గ భాగాల్లోనూ కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉండాలి. సోర్స్ పంచుకున్నప్పుడు ఇది సమస్యే కాదు, ఫైల్ అక్కడే ఉంటుంది. కంపైల్ అయి బైనరీగా (మెషీన్ మాత్రమే చదివే రూపంలోకి) మారిన ప్రోగ్రామ్‌ను పంచేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు ఆ నోటీసులన్నీ ఏరి, ఒక చోట పెట్టి, ప్రోగ్రామ్‌తో పాటు పంపాలి. ఫోన్ యాప్‌ల సెట్టింగ్స్ అట్టడుగున ఓపెన్ సోర్స్ లైసెన్సులు అనే అంతులేని పేజీ ఉండేది ఇందుకే. జావాస్క్రిప్ట్‌లో ఇంకో తంటా ఉంది. వందల లైబ్రరీలను కలిపి కుదించే టూల్స్ కామెంట్లను కొట్టేస్తాయి, సెట్టింగ్ సరిగా లేకపోతే వాటితో పాటు నోటీసులూ పోతాయి. అలా ఎంఐటీ షరతును రోజూ తెలియకుండా ఉల్లంఘిస్తున్న వెబ్‌సైట్లకు లెక్కే ఉండదు. ఎవరూ కోర్టుకి వెళ్లడం లేదు కాబట్టి సాగిపోతోంది.

ఇది లైబ్రరీలకే ప్రత్యేకమైన ఇబ్బంది. కొన్ని రకాల లైబ్రరీల్లో ఇది మరీ ఎక్కువ. సీ ప్లస్ ప్లస్ హెడర్ ఫైళ్లలో టెంప్లేట్లుగా ఉండే కోడ్, వాడేవాళ్ల ప్రోగ్రామ్‌లో కరిగిపోతుంది. ఎక్కడ లైబ్రరీ ముగిసిందో, ఎక్కడ సొంత కోడ్ మొదలైందో బైనరీ చూసి చెప్పలేం. కంపైలర్ తన వెంట తెచ్చి ప్రతి ప్రోగ్రామ్‌లో జొప్పించే రన్‌టైమ్ లైబ్రరీ అయితే వాడుతున్న సంగతే ప్రోగ్రామర్‌కి తట్టదు.

ఈ చిక్కును ఎదుర్కొన్నవాళ్లు మంచి పరిష్కారాలే రాసిపెట్టారు. 2003 నాటి బూస్ట్ లైసెన్స్ సోర్స్ కాపీల్లో నోటీసు ఉంచమంటుంది, మెషీన్ కోడ్‌గా మారిన కాపీలకు మినహాయింపు ఇస్తుంది. ఎల్ఎల్‌వీఎమ్ కంపైలర్ ప్రాజెక్టు అపాచీ 2.0ని తీసుకుని, కంపైల్ చేసినందువల్ల ప్రోగ్రామ్‌లో చేరిన భాగాలకు నోటీసు షరతులు వర్తించవని సొంత మినహాయింపు చేర్చింది. జీసీసీ అనే కంపైలర్ కూడా, జీపీఎల్‌కి పుట్టిల్లు లాంటి ప్రాజెక్టే అయినా, తన రన్‌టైమ్ లైబ్రరీలకు 2009లో ప్రత్యేక మినహాయింపు పాఠం రాసుకుంది. అది లేకపోతే జీసీసీతో కంపైల్ చేసిన ప్రతి ప్రోగ్రామ్‌కీ జీపీఎల్ అంటుకుంటుందేమోనన్న అనుమానం మిగిలేది. కోడ్ పుట్టించే టూల్ రాసేవాళ్లు ముందుగా చదవాల్సినవి ఈ మినహాయింపులే. టూల్ లైసెన్స్ ఏదైనా, అది పుట్టించిన కోడ్ ఏ లైసెన్స్ కింద ఉంటుందో విడిగా ఒక వాక్యం రాయకపోతే వాడేవాళ్లకి నిద్ర పట్టదు.

జీపీఎల్ లైబ్రరీ ఎప్పుడు నెగ్గుతుంది

లైబ్రరీకి జీపీఎల్ పెడితే, దాన్ని కలుపుకుని పంచే ప్రోగ్రామ్ మొత్తం జీపీఎల్ కింద ఇవ్వాలని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. డైనమిక్ లింకింగ్‌తో (లైబ్రరీ విడి ఫైల్‌గా ఉండి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కలిసే పద్ధతి) కూడా అంతేనా అన్నదానిపై న్యాయవాదుల్లో ఏకాభిప్రాయం లేదు. అయినా కంపెనీల లీగల్ విభాగాలు ఆ వాదనను తమ ప్రోడక్ట్ మీద పరీక్షించి చూడటానికి ఇష్టపడవు కాబట్టి, ఆచరణలో జీపీఎల్ లైబ్రరీ అంటే సోర్స్ ఇవ్వని, మూసిన సాఫ్ట్‌వేర్‌కి తలుపు వేసినట్టే.

ఆ తలుపు వేయడం ఎప్పుడు లాభమో స్పష్టంగా చెప్పినవాడు జీపీఎల్‌ను రాసిన రిచర్డ్ స్టాల్‌మనే. కమాండ్ లైన్‌లో టైప్ చేసేటప్పుడు ఎడిటింగ్, హిస్టరీ ఇచ్చే రీడ్‌లైన్ లైబ్రరీని ఆయన మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు జీపీఎల్ కింద పెట్టింది. సీలిస్ప్ అనే లిస్ప్ ఇంప్లిమెంటేషన్ దాన్ని వాడుకోవడంతో, చర్చ తర్వాత తానే జీపీఎల్ కిందికి వచ్చింది. అదే గ్నూ ప్రాజెక్టు తన సీ లైబ్రరీకి మాత్రం సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ ఇచ్చింది. సీ లైబ్రరీలు అప్పటికే వేరేవి ఉన్నాయి, జీపీఎల్ పెడితే జనం వాటినే వాడుకునేవాళ్లు, అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఇది సిద్ధాంతం పేరుతో చెప్పిన బేరసారాల లెక్క, లెక్క సరైనదే. ఇంకెక్కడా దొరకనిది ఇస్తే షరతు పెట్టొచ్చు. దొరికేదానికి షరతు పెడితే పక్క కొట్టుకి వెళ్తారు. రీడ్‌లైన్ విషయంలోనూ తర్వాత అదే జరిగింది, బీఎస్‌డీ లైసెన్స్‌తో లిబ్‌ఎడిట్ అనే ప్రత్యామ్నాయం ఉండటంతో షరతు వద్దనుకున్నవాళ్లు దానికి మళ్లారు.

ఈ రోజు ప్యాకేజీ రిజిస్ట్రీల్లో దాదాపు ప్రతి చిన్న అవసరానికీ పది లైబ్రరీలు దొరుకుతాయి. అందుకే కొత్త లైబ్రరీకి జీపీఎల్ పెట్టి ప్రపంచాన్ని తన వైపు తిప్పుకోవాలన్న ఆశ సాధారణంగా ఫలించదు. ఫలించే చోట్లు లేకపోలేదు. వీడియో ఎన్‌కోడింగ్‌లో ఎక్స్264 అలాంటిది. జీపీఎల్ కింద ఉచితం, మూసిన ప్రోడక్ట్‌లో కావాలంటే డబ్బు కట్టి వ్యాపార లైసెన్స్ తీసుకోవాలి. దానికి ఆ స్థాయి నాణ్యత ఉంది కాబట్టి కట్టేవాళ్లు కట్టారు. వీడియో, ఆడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్ కిందే ఉంటుంది. ఎక్స్264 లాంటి జీపీఎల్ భాగాలు కలపాలని బిల్డ్ చేసేటప్పుడు ఒక్క ఆప్షన్ ఇస్తే, మొత్తం లైబ్రరీ జీపీఎల్ అయిపోతుంది. ఆ ఒక్క ఆప్షన్ గమనించక ఇబ్బందుల్లో పడటం చాలా తేలిక.

ఈ షరతులు కాగితం మీదివే కదా అని తీసిపారేయడానికి లేదు. ఫ్రాన్స్‌లో ఆంట్రూవేర్ అనే చిన్న సంస్థ లాసో అనే లాగిన్ లైబ్రరీని జీపీఎల్ కింద ఇచ్చింది. ఆరెంజ్ టెలికాం సంస్థ దాన్ని ఒక ప్రభుత్వ పోర్టల్ కోసం చేసిన పనిలో షరతులు పాటించకుండా వాడిందని 2011లో కేసు వేసింది. ఏళ్ల తరబడి నడిచాక 2024 ఫిబ్రవరిలో ప్యారిస్ అప్పీల్ కోర్టు ఆరెంజ్ లక్షల యూరోల పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. అంతకుముందే 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, బొమ్మ రైళ్లను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద వచ్చిన కేసులో, ఓపెన్ సోర్స్ షరతులు ఉల్లంఘిస్తే కాపీరైట్ ఉల్లంఘన కింద దావా వేయొచ్చని తేల్చింది.

సగం దారిలో ఉన్నవి

ఎల్‌జీపీఎల్ పుట్టిందే లైబ్రరీల కోసం. దాని మొదటి పేరులో లైబ్రరీ అనే మాటే ఉండేది, 1999లో వెర్షన్ 2.1తో లెస్సర్ అయింది. దాని ఒప్పందం న్యాయంగానే కనిపిస్తుంది: లైబ్రరీలో చేసిన మార్పులు తిరిగి ఇవ్వండి, మీ ప్రోగ్రామ్ మీ ఇష్టం. కానీ ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్ అందుకున్నవాళ్లు లైబ్రరీని మార్చుకుని, మార్చినదానితో మళ్లీ లింక్ చేసుకోగలగాలి. లైబ్రరీ విడి ఫైల్‌గా ఉండి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడ్ అయ్యే రోజుల్లో ఇది సులువు, పాత ఫైల్ తీసి కొత్తది పెడితే సరిపోతుంది. గో, రస్ట్ లాంటి భాషల్లో మాత్రం అన్నీ కలిపి ఒకే బైనరీ చేయడం మామూలు పద్ధతి. అలాంటప్పుడు తిరిగి లింక్ చేసుకోవడానికి ప్రోగ్రామ్ ఆబ్జెక్ట్ ఫైళ్లో సోర్సో ఇవ్వాలి, మూసిన ప్రోడక్ట్ తయారుచేసేవాళ్లకి అదొక తలనొప్పి. వాడుకదారు సొంతంగా మార్చిన బైనరీని నడపనివ్వని యాప్ స్టోర్లలో పరిస్థితి ఇంకా జటిలం. లైసెన్స్ మారలేదు, చుట్టూ ఉన్న టెక్నాలజీ మారింది. అందుకే మంచి ఉద్దేశంతో ఎల్‌జీపీఎల్ పెట్టినవాళ్లు కూడా, కంపెనీల దృష్టిలో జీపీఎల్ పెట్టినవాళ్లతో సమానమైపోతున్నారు.

సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్ల దగ్గర ఎల్‌జీపీఎల్ మరీ ఇరుకున పడుతుంది. వెర్షన్ 2.1 పది లైన్ల లోపు చిన్న ఇన్‌లైన్ ఫంక్షన్లకు సడలింపు ఇస్తుంది, అంతా హెడర్లలోనే ఉండే లైబ్రరీకి అది ఏ మూలకూ చాలదు. మాట్రిక్స్ లెక్కలు చేసే ఐగెన్ లైబ్రరీ అచ్చం అలాంటిదే. ఎల్‌జీపీఎల్‌తో నడిచి, 2012లో ఎంపీఎల్ 2.0కి మారింది.

ఎంపీఎల్ 2.0 దక్కాల్సినంత పేరు దక్కని లైసెన్స్. 2012 జనవరిలో మొజిల్లా విడుదల చేసింది. ఇది గీత గీసేది ఫైల్ దగ్గర: ఈ ఫైళ్లలో మార్పులు చేసి పంచితే ఆ ఫైళ్ల సోర్స్ ఇవ్వాలి, పక్కన పెట్టుకున్న మీ ఫైళ్ల జోలికి రాము. స్టాటిక్ లింకింగా, డైనమిక్కా, టెంప్లేటా అన్న చర్చే అక్కర్లేదు. రచయిత ప్రత్యేకంగా వద్దని రాయకపోతే జీపీఎల్ ప్రోగ్రామ్‌లతో కూడా కలుస్తుంది. పేటెంట్ అనుమతి కూడా ఉంది. లొసుగు లేదని కాదు, అసలు ఫైళ్లను తాకకుండా కొత్త ఫీచర్లన్నీ వేరే ఫైళ్లలో పెట్టుకుని మూసేసుకోవచ్చు. కానీ బగ్ సరిచేసినవాళ్లు ఆ సవరణను దాచుకోకూడదు, అంతకు మించి వద్దు అనుకునే లైబ్రరీ రచయితకి ఇంతకంటే సరిగ్గా అతికే లైసెన్స్ వేరే లేదు.

ఏజీపీఎల్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సర్వర్‌లో నడుపుతూ నెట్‌వర్క్ ద్వారా అందించినా సోర్స్ ఇవ్వాలన్నది దాని షరతు. గూగుల్ లాంటి సంస్థలు తమ లోపల దాన్ని పూర్తిగా నిషేధించాయి. లైబ్రరీకి ఏజీపీఎల్ పెట్టారంటే మామూలుగా దాని పక్కనే వ్యాపార లైసెన్స్ ధరల పట్టిక ఉంటుంది. పీడీఎఫ్‌లు తయారుచేసే ఐటెక్స్ట్ ఈ దారి పట్టింది. అందులో తప్పేమీ లేదు, ముందే చెబితే.

ఆ ముందే అన్నది తర్వాత అయినప్పుడు ఏం జరుగుతుందో అక్కా చూపించింది. జావా, స్కాలాలలో విస్తృతంగా వాడిన ఈ టూల్‌కిట్‌ను ఏళ్లపాటు అపాచీ 2.0 కింద ఇచ్చి, 2022 సెప్టెంబర్‌లో దాని కంపెనీ వాడకం మీద పరిమితులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి మార్చింది. ఇచ్చిన అనుమతి వెనక్కి రాదు కాబట్టి, పాత వెర్షన్ నుంచి అపాచీ ఫౌండేషన్‌లో పెక్కో అనే ఫోర్క్ పుట్టింది.

సరదా క్లాజులు మాత్రం అస్సలు వద్దు. డేటాను రాసుకునే జేసాన్ అనే ఫార్మాట్‌ను ప్రచారంలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన లైబ్రరీ లైసెన్స్‌లో, ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకి వాడకూడదు అని ఒక వాక్యం చేర్చాడు. మంచి ఏదో చెడు ఏదో తేల్చేదెవరు? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్స్ కాదంది, 2016లో అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో నిషేధించింది. ఒక్క వాక్యాన్ని వదిలించుకోవడానికి ఎందరో తమ కోడ్‌లో జేసాన్ పార్సర్‌ను మార్చుకోవాల్సి వచ్చింది. పబ్లిక్ డొమైన్‌కి వదిలేస్తే గొడవే ఉండదనుకుంటే అదీ కాదు, కొన్ని దేశాల్లో రచయిత తన హక్కులను అలా వదులుకోవడం కుదురుతుందో లేదో తెలియదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ పబ్లిక్ డొమైన్‌లోనే ఉంది. అయినా లీగల్ విభాగాలను ఒప్పించలేని కంపెనీల కోసం హక్కుల హామీ పత్రాన్ని డబ్బు తీసుకుని అమ్ముతుంది. హక్కులు వదులుకోవడానికి క్రియేటివ్ కామన్స్ రాసిన సీసీ0 అయితే పేటెంట్ హక్కులు ఇవ్వడం లేదని స్పష్టంగా రాసుకుంది, ఆ కారణంతోనే 2022లో ఫెడోరా లినక్స్ కొత్త కోడ్‌కి దాన్ని ఒప్పుకోవడం మానేసింది.

ఎంపిక తేలాక మిగిలే పని చిన్నదే కానీ అశ్రద్ధ చేసేది కూడా అదే. లైసెన్స్ పూర్తి పాఠం రిపాజిటరీలో ఉండాలి, ప్యాకేజీ వివరాల్లో దాని ఎస్‌పీడీఎక్స్ గుర్తు (లైసెన్స్‌కి ఇచ్చే ప్రామాణికమైన పొట్టి పేరు) ఉండాలి, ఎందుకంటే కంపెనీల స్కానర్లు చదివేది దాన్నే. జీపీఎల్ కుటుంబమైతే ఆ వెర్షన్ మాత్రమేనా, ఆ తర్వాతివి కూడానా అన్నది చెప్పి తీరాలి. ఇతరుల నుంచి తెచ్చిన డేటా ఫైళ్లు, టెస్టుల్లో పెట్టిన నమూనాలు, ఎక్కడి నుంచో కాపీ చేసిన ఒక ఫంక్షన్, వీటి లైసెన్సులు కూడా చూసుకోవాలి. మైమ్‌మ్యాజిక్‌ను ముంచింది కోడ్ కాదు, డేటా.

ఇవన్నీ బయటివాళ్లు పంపే మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) తీసుకోకముందే తేల్చుకోవడం మేలు. ప్రత్యేక ఒప్పందం లేకపోతే ప్రతి కంట్రిబ్యూటర్ కాపీరైట్ వాళ్లదే, తర్వాత లైసెన్స్ మార్చాలంటే అందరినీ అడగాలి. వీఎల్‌సీ ప్లేయర్ లోపలి లైబ్రరీని 2011, 2012ల్లో జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కి మార్చడానికి వందల మంది డెవలపర్లను వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన పాత, జీపీఎల్‌తో సరిగా కలవని లైసెన్స్‌ను మారుస్తామని 2015లో ప్రకటించి, 2017లో కంట్రిబ్యూటర్లకు మెయిళ్లు పంపడం మొదలుపెట్టింది. అపాచీ 2.0 కింద వెర్షన్ 3.0 బయటికి వచ్చేసరికి 2021 సెప్టెంబర్ అయింది.